తమ్మె తెగిన తరువాత

కుట్లు విప్పి కొన్ని నెలలైంది. ఇప్పుడు అద్దంలో చూసుకుంటే ఎడమ చెవి తమ్మె మీద సన్నటి గీత ఒకటి కనిపిస్తుంది, అంతే. తెలియనివాళ్ళు గమనించరు కూడా. చెవి తమ్మె తెగడం కూడా ఒక జబ్బేనా అని ఎవరైనా అంటే నేను వాదించను. ప్రాణం మీదికి వచ్చేది కాదది. దాని వెంట మా ఇంట్లోకి వచ్చిన అలసట మాత్రం చిన్నది కాదు. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్ళను ఇంట్లో ఉంచుకుని చూసుకుంటున్న ఆడవాళ్ళెవరైనా ఇది చదివితే ముందుగా ఒక్క మాట. వాళ్ళ దగ్గర వంగేటప్పుడు చెవులకు వేలాడేవి, మెడలో లాగితే తెగనివి పెట్టుకోకండి. మిగతాది తీరికున్నప్పుడు చదవండి.

జనవరి

మేముండేది ఆర్.కె. పురంలో, ప్రభుత్వ క్వార్టర్లో. మా ఆయన కేంద్ర ప్రభుత్వోద్యోగి. పెళ్ళయి కాకినాడ నుంచి వచ్చినప్పటి నుంచీ నాది ఢిల్లీ కాపురమే. మా అమ్మాయి శ్రావ్య ఇక్కడే పుట్టింది, డిగ్రీ చదువుతోంది. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. మామయ్యగారు పోయాక అత్తయ్య మా దగ్గరికి వచ్చేశారు. వచ్చిన కొత్తలో పొద్దున్నే శాలువా కప్పుకుని పాల బూత్ దాకా ఒక్కరే వెళ్ళి వచ్చేవారు. తర్వాత దారి మరిచిపోయారు. ఆ తర్వాత ఇంట్లో గదులు మరిచిపోయారు. ఆ తర్వాత మనుషుల్ని.

ఆ రోజు పక్క సెక్టార్లో ఒక తెలుగువాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. చాలా రోజుల తర్వాత పట్టుచీర కట్టుకున్నాను, చెవులకు బుట్టలు పెట్టుకున్నాను. మధ్యాహ్నానికి పొగమంచు విడిచి కాస్త ఎండ వచ్చింది. నేను తిరిగొచ్చేసరికి అత్తయ్య బాల్కనీలో ఎండలో కూర్చుని ఉన్నారు. స్వెటరు గుండీలు ఊడదీసుకున్నారు, గాలి చల్లగా కొడుతోంది. చీర కూడా మార్చుకోకుండా ఆవిడ ముందు గొంతుకూర్చుని గుండీలు పెట్టబోయాను.

"ఎవతివే నువ్వు?" అన్నారు.

"నేనత్తయ్యా, ఉషని."

"ఉష పేరు చెప్తావా? ఆ బుట్టలు మా ఉషవి. ఎక్కడ కొట్టేశావ్? ఇటివ్వు!"

నేను నవ్వాను. ఇలాంటివి అప్పటికే అలవాటైపోయాయి. నవ్వు పూర్తవకముందే ఆవిడ చెయ్యి వచ్చింది. పాత గుడ్డ చింపినట్టు చప్పుడు, నా తలలోనే వినిపించింది. ముందు వేడిగా అనిపించింది, నొప్పి తర్వాత వచ్చింది. భుజం మీద చీర తడిసిపోయింది.

శ్రావ్య లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి కేక పెట్టింది. అత్తయ్య బుట్టను పిడికిట్లో బిగించి గుండెకు ఆనించుకున్నారు. "మా కోడలికిస్తాను. నీకివ్వను పో" అన్నారు.

తర్వాత ఈ సంగతి విన్న ప్రతివాళ్ళూ ఇక్కడే ఆగేవారు. "చూశావా, ఆ స్థితిలో కూడా నీ వస్తువు కాపాడాలనే చూసింది, ఎంత ప్రేమో" అనేవారు. నాకూ తెలుసు. ప్రేమతోనే లాగినా తెగాల్సింది తెగింది. ఎదురుగా ఉన్నది ఆ ఉషేనని ఆవిడకు తెలియదన్న బాధ వేరు, చెవి నొప్పి వేరు. ఆ రెండూ కలిసి నన్ను చాలా నెలలు తిన్నాయి.

మా ఆయన ఆఫీసు నుంచి పరుగున వచ్చారు. కింది అంతస్తులో ఉండే ఆంటీని అత్తయ్య దగ్గర కూర్చోబెట్టి, శ్రావ్యను వెంటబెట్టుకుని ఒక పెద్ద ప్రభుత్వాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాం. అక్కడ నాకంటే ముందు చాలామంది ఉన్నారు. స్కూటరు మీద నుంచి పడ్డవాళ్ళు, ఆయాసంతో ఎగశ్వాస తీస్తున్నవాళ్ళు. చెవికి తువ్వాలు అదిమి పట్టుకుని కూర్చోవడానికి నాకే సిగ్గేసింది.

చివరికి పిలిచారు. చిన్న వయసు డాక్టరమ్మ. గాయం చూసి మా ఆయన వైపు తిరిగి, "ఆప్ బాహర్ బైఠియే" అని బయట కూర్చోమంది. ఆయన వెళ్ళాక పరదా లాగి, గొంతు తగ్గించి, "దీదీ, ఘర్ మే సబ్ ఠీక్ హై న?" అంది, ఇంట్లో అంతా బాగానే ఉందా అని.

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, "ఆయన కాదు, మా అత్తగారు" అన్నాను. ఆ మాటతో ఆమె ముఖం ఇంకా బిగుసుకుంది. పోలీసులకు చెప్పాలా అని అడిగింది. అప్పుడు నా పక్కనున్న శ్రావ్య ఏడుస్తూ చెప్పింది, "డాక్టర్, దాదీ కో కుఛ్ యాద్ నహీ రహతా. ఉన్హోనే మమ్మీ కో చోర్ సమఝా." నానమ్మకు ఏమీ గుర్తుండదనీ, నన్ను దొంగనుకుందనీ.

డాక్టరమ్మ చేతులకు తొడుగులు వేసుకుంది. తర్వాత నా తలను మెల్లగా పక్కకు తిప్పుతూ, తన అమ్మమ్మ కూడా తనను పనిమనిషి అనుకుంటుందని చెప్పింది. కుడుతున్నంతసేపూ ఆ అమ్మమ్మ కబుర్లే చెప్పింది. అవి నా కోసం చెప్పిందో, తన కోసం చెప్పుకుందో తెలియదు. సూది గుచ్చుకున్నప్పుడల్లా వినడానికి ఒక మాట ఉంది, అది చాలు.

ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో మా ఆయన అన్నారు, "బయట బెంచీ మీద వాళ్ళంతా నన్నెలా చూశారో తెలుసా? పెళ్ళాన్ని కొట్టి తీసుకొచ్చినవాణ్ణి చూసినట్టు."

"నా చెవి తెగిందండీ" అన్నాను.

ఆటో మునిర్కా ఫ్లైఓవర్ ఎక్కింది.

ఫిబ్రవరి

కుట్లు నిలవలేదు. వాపు వచ్చింది, చీము పట్టింది. చలికి తలకు స్కార్ఫు చుట్టుకోవడం, దాని ఉన్ను కట్టుకు అంటుకోవడం, రాత్రిళ్ళు అత్తయ్య పిలిచినప్పుడల్లా ఆ చెవి మీదకే తిరిగి పడుకోవడం, వీటన్నిటి వల్లా అయి ఉంటుంది. మందులతో చీము తగ్గింది కానీ తమ్మె రెండుగా విడిపోయింది. చివర రెండు చిన్న కొనలు. దువ్వెన తగిలితే ప్రాణం లేచొచ్చేది. ఇప్పుడు ముట్టుకోకూడదన్నారు, పుండు పూర్తిగా మాని, మెత్తబడ్డాక అంచులు కోసి మళ్ళీ కుట్టాలన్నారు. అంటే కొన్ని నెలలు ఆగాలి.

హైదరాబాదులో ఉండే మా ఆడపడుచు సుధ ఫోన్ చేసింది. కాసేపు పరామర్శించి, "అమ్మ ఒకరి మీద చెయ్యెత్తే మనిషి కాదు వదినా. నువ్వేమన్నా గట్టిగా అన్నావా?" అంది.

నేను ఫోను మా ఆయన చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆయన ఆమెతో ఏమన్నారో వినలేదు. వినాలనిపించలేదు. తర్వాత వంటింటి గుమ్మం దగ్గరకు వచ్చి, "అదేదో తెలియక అంది, పట్టించుకోకు" అన్నారు. కాసేపాగి, "అయినా అమ్మ ముందు నగలెందుకు పెట్టుకున్నావ్?" అన్నారు. ఆ పూట అన్నం వార్చి, పొయ్యి కట్టేసి, పార్కులో ఒక బెంచీ మీద ఎండ పోయేదాకా కూర్చున్నాను. వేరుశనగలమ్మేవాడు పొట్లం తీసుకుంటారా అని అడిగితే తల ఊపడానికి కూడా ఓపిక లేకపోయింది.

అసలు బాధ చెవి కాదు. నాకు అత్తయ్య అంటే భయం పట్టుకుంది. ఇది చెప్పుకోవడానికి లేదు. పిడికెడంత మనిషి, లేవాలంటే చెయ్యి పట్టుకోవాలి, ఆవిడంటే భయమేమిటి? కానీ ఆవిడ శాలువా సర్దుకోవడానికి చెయ్యెత్తినా నా మెడ దానంతటదే వెనక్కి పోయేది. అన్నం ఆవిడ కుర్చీ వెనక నిలబడి తినిపించేదాన్ని. జడ వెయ్యడం శ్రావ్యకు అప్పగించాను. స్నానం చేయించేటప్పుడు నా చెవులకు చున్నీ గట్టిగా బిగించి కట్టుకునేదాన్ని.

ఒక రోజు పెరుగన్నం పెడుతుంటే అత్తయ్య తల వెనక్కి తిప్పి చూశారు. కళ్ళు తేటగా ఉన్నాయి. అలా అప్పుడప్పుడూ వస్తుంది ఆ తెలివి, ఒక్క నిమిషం.

"ఎందుకమ్మా అంత ఎడంగా నించుంటావ్? నాకేమన్నా అంటురోగమా?" అన్నారు.

"లేదత్తయ్యా" అన్నాను. అని ముందుకు రాలేకపోయాను.

మార్చి

నోయిడాలో ఇలాంటి పెద్దవాళ్ళను చూసుకునే హోమ్ ఒకటుందని మా ఆయనకు ఆఫీసులో ఎవరో చెప్పారు. ఆయన ఆ మాట నాతో అనడానికి వారం పట్టినట్టుంది. టీ తాగుతూ, కప్పులోకి చూస్తూ అన్నారు.

"నీకిలా అయ్యాక నేను ఏ ముఖం పెట్టుకుని చూసుకోమని అడగను? వెళ్ళి చూసొద్దాం."

నిజం చెప్పాలంటే నాకు ఎంత హాయనిపించిందో. ఆ పూట ఒళ్ళంతా తేలికైంది. ఖాళీగా ఉండబోయే మధ్యాహ్నాలు ఊహించుకున్నాను.

హోమ్ బాగుంది. శుభ్రంగా ఉంది, ఎండ పడే వరండా ఉంది. అక్కడి అమ్మాయిలు మర్యాదగా ఉన్నారు. హాల్లో పెద్దవాళ్ళు వరసగా టీవీ ముందు కూర్చున్నారు. వాళ్ళలో ఒక బెంగాలీ ముసలావిడ నా కొంగు పట్టుకుని ఏదో అడగడం మొదలుపెట్టింది. మళ్ళీ మళ్ళీ అదే మాట. నాకు బెంగాలీ రాదు. అక్కడున్న అమ్మాయిని అడిగితే, "హమే భీ నహీ పతా ఆంటీ, రోజ్ యహీ బోల్తీ హై" అంది, తమకూ తెలియదనీ, రోజూ ఇదే అంటుందనీ. నీళ్ళిచ్చి చూశారట, దుప్పటి కప్పి చూశారట, ఫోన్లో పాటలు పెట్టి చూశారట. వాళ్ళ తప్పేమీ లేదు.

అత్తయ్యకు హిందీ ఎప్పుడో పోయింది. మిగిలింది తెలుగొక్కటే, అదీ కాకినాడ తెలుగు. "దాహమేస్తోంది" అంటే ఇక్కడ ఎవరికి అర్థమవుతుంది?

మెట్రోలో వచ్చేటప్పుడు, "ఇంకొన్నాళ్ళు చూద్దామండీ" అన్నాను. ఆయన కిటికీ వైపు తిరిగిపోయారు. భుజాలు కదులుతున్నాయి. ఎదురు సీట్లో కాలేజీ పిల్లలు చూసి, చూడనట్టు ఫోన్లలోకి తల దించేశారు.

నేను మంచిదాన్ని కాబట్టి అలా అన్నాననుకోవద్దు. అత్తయ్యను అక్కడ వదిలేస్తే ఆ హోమ్ నుంచి నాకు వినపడని పిలుపు ఒకటి రోజూ వస్తుందనిపించింది, అది భరించలేననుకున్నాను. ఉంచుకోవడమూ భరించలేనిదే. రెంటిలో ఒకటి తీసుకున్నాను.

కానీ ఈసారి ఊరికే తీసుకోలేదు. ఇంటికొచ్చి చెప్పాను.

"పొద్దున స్నానం, జడ మీవి. ఆఫీసుకు ఆలస్యమైతే అవ్వనీండి. పగలు ఒక మనిషిని పెడదాం. సెలవులకు సుధ రావాలి, చుట్టపుచూపుగా కాదు."

"సుధతో నువ్వే మాట్లాడతావా?"

"మీ చెల్లెలు. మీరే మాట్లాడండి."

ఆయనకు జడ వెయ్యడం రాదు. మొదటి రోజు అత్తయ్య జుట్టును సామాను మూటలా రబ్బరుబ్యాండుతో కట్టారు. శ్రావ్య ఆయనకు మూడు పాయలెలా అల్లాలో నేర్పింది. అత్తయ్య ఆయన్ను "మేనేజరుగారూ" అని పిలిచేవారు, ఎందుకో. ఆయన, "ఆఁ, చెప్పండమ్మా" అనేవారు.

మే

వేసవి మండిపోతున్నప్పుడు ఆపరేషన్ పెట్టారు. సుధ ముందు రోజే వచ్చింది. వచ్చీరాగానే, "అమ్మా!" అంటూ వెళ్ళి కౌగలించుకుంటే అత్తయ్య ఆమెను రెండు చేతులా తోసేసి, "ఇంట్లోకి ఎవరెవరో వచ్చేస్తున్నారు, తలుపులేసుకోండర్రా!" అని అరిచారు. సుధ వంటింట్లోకి వచ్చి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. నేను మంచినీళ్ళ గ్లాసు అందించాను. ఆ తర్వాత ఆమె నన్ను ఆ ప్రశ్న మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ప్లాస్టిక్ సర్జరీ విభాగం బయట వరసగా ఇనుప కుర్చీలు. కూలరు ఒకటి గడగడ తిరుగుతూ వేడిగాలే కొడుతోంది. కాలిన చేతులకు కట్లతో కొందరు, పెదవి చీలిన పసిపాపను ఒళ్ళో వేసుకున్న తల్లి. నా పక్కన సోనీపత్ నుంచి వచ్చిన ఒక ముసలావిడ. ఆవిడకు రెండు తమ్మెలూ తెగి ఉన్నాయి, చిన్నప్పటి నుంచీ బరువైన కమ్మలు పెట్టీ పెట్టీ సాగి తెగిపోయాయట. మనవడి పెళ్ళికి కమ్మలు పెట్టుకోవాలని వచ్చింది.

నా చెవి చూసి, "చోర్ నే ఖీంచా?" అంది, దొంగ లాగాడా అని.

"సాస్ నే" అన్నాను, అత్తగారే లాగారని.

ఆవిడ నోరు తెరిచి నన్ను చూసింది. "హాయ్ రామ్! హమారీ సాస్ తో బస్ తానే మార్తీ థీ!" అంది. తన అత్త దెప్పిపొడవడంతోనే సరిపెట్టిందట. నాకు నవ్వొచ్చింది. ఆగలేదు. ఆ నెలలన్నిటిలో అంత నవ్వింది అదే మొదటిసారి. ఆవిడా నవ్వింది, పక్కనున్న పాప తల్లీ నవ్వింది. తర్వాత జబ్బు సంగతి చెప్పాను. ఆవిడ సంచిలోంచి కీరదోస ముక్కలు తీసి, ఉప్పు అద్ది నా చేతిలో పెట్టింది. "తినమ్మా, చూసుకునేవాళ్ళను ఎవరూ చూసుకోరు" అని హిందీలో అంది.

లోపల నొప్పంతా మత్తు సూదిదే. చెవిలో అంత పల్చటి చోట కూడా అంత నొప్పి పడుతుందని తెలియదు. తర్వాత మొద్దుబారిపోయింది. ముఖం మీద పచ్చగుడ్డ కప్పారు. నొప్పి లేదు కానీ కత్తెర చప్పుడు మాత్రం చెవి పక్కనే, కాదు చెవిలోనే, పెద్దగా వినపడేది. ఆ చప్పుడుకు జనవరి మధ్యాహ్నం మళ్ళీ వచ్చేసింది. వెక్కి వెక్కి ఏడుపొచ్చింది. డాక్టరుగారు ఆగి, "దర్ద్ హో రహా హై?" అని, నొప్పిగా ఉందా అని అడిగారు. లేదన్నాను. మరి ఎందుకు ఏడుస్తున్నారన్నారు. చెప్పడానికి చాలా ఉంది, హిందీలో అంత రాదు. నర్సు ఒకామె గుడ్డ కిందనుంచి నా చెయ్యి పట్టుకుంది. చివరిదాకా వదల్లేదు. ఆమె ముఖం కూడా నేను సరిగ్గా చూడలేదు.

బయటికొచ్చేసరికి మా ఆయన నిలబడే ఉన్నారు. "కూర్చోవచ్చుగా" అంటే, "లోపలికి పిలుస్తారేమోనని" అన్నారు. ఈసారి ఎవరూ ఆయన్ను అనుమానంగా చూసినట్టు లేదు. ఆ మాటే అన్నాను. ఆయన నా వైపు చూసి, "ఆ రోజు ఆటోలో నేనలా అనకుండా ఉండాల్సింది" అన్నారు. ఆ ఒక్క మాటకు ఎన్నాళ్ళు ఎదురుచూశానో అప్పుడే నాకు తెలిసింది.

కుట్లు విప్పేదాకా వెల్లకిలా పడుకోవాలి, చెవి తడపకూడదు, చెమట పట్టకూడదు. ఢిల్లీలో మే నెలలో చెమట పట్టకూడదంటే ఎలా కుదురుతుంది? సుధ రోజూ తడిగుడ్డతో నా మెడ తుడిచేది. అత్తయ్యను పగలంతా తనే చూసుకుంది. వెళ్ళేముందు స్టేషన్లో నా చెయ్యి పట్టుకుని, "దసరాకి మళ్ళీ వస్తా వదినా. నువ్వప్పుడు ఎక్కడికైనా వెళ్ళు. ఎక్కడికైనా సరే" అంది.

ఆగస్టు

ఈసారి అతుక్కుంది. గీత కొంతకాలం ఎర్రగా ఉంటుందనీ, తర్వాత మాసిపోతుందనీ అన్నారు. కావాలంటే ఇంకొన్నాళ్ళకు, ఆ గీత మీద కాకుండా పక్కన కుట్టించుకుని తేలికైనవి పెట్టుకోవచ్చట. చూస్తాను. తొందరేం లేదు. బోసి చెవులతో బయటికి వెళ్ళడం మొదట్లో కష్టమైంది, ఇప్పుడు అలవాటైపోయింది.

వారానికి ఒక మధ్యాహ్నం నాది. పగలు అత్తయ్యను చూసుకోవడానికి పెట్టిన దీదీ వచ్చాక బయల్దేరతాను. ఒకసారి అశోకా రోడ్డులో ఉన్న మన తెలుగు క్యాంటీన్ దాకా వెళ్ళి ఒక్కదాన్నే కూర్చుని పప్పు, గోంగూర పచ్చడితో భోంచేసి వచ్చాను. ఎవరి నోట్లోనూ ముద్ద పెట్టకుండా తినడం ఎలా ఉంటుందో అప్పటిదాకా మరిచేపోయాను.

అత్తయ్య బాగా చిక్కిపోయారు. మాట తక్కువైంది. కోపాలు కూడా తక్కువయ్యాయి, అందుకు సంతోషించాలో లేదో తెలియదు.

మొన్న ఒక వానరోజు మా ఆయనకు జ్వరం వచ్చి లేవలేదు. దీదీ వానకు రాలేదు. శ్రావ్య కాలేజీకి వెళ్ళింది. అత్తయ్య స్వయంగా వేసుకోబోయి జాకెట్టు గుండీలు తప్పుగా పెట్టుకున్నారు. వెనక నిలబడి సరిచేయడం కుదరదు. నేను వెళ్ళి ఆవిడ ముందు గొంతుకూర్చున్నాను. చాలా నెలల తర్వాత అంత దగ్గరగా.

ఆవిడ చెయ్యి లేచింది.

నా మెడ వెనక్కి పోబోయింది. నేల మీద చెయ్యి ఆనించి ఆపుకున్నాను. ఆవిడ వేళ్ళు నా చెంప మీదుగా చెవి దగ్గరికి వచ్చాయి. చల్లగా, ఎముకల్లా ఉన్నాయి. తమ్మె మీద గీతను తడిమాయి. ఆగాయి. మళ్ళీ తడిమాయి.

"ఎవరమ్మా నీ చెవిట్లా చేసింది?" అన్నారు.

నేను గుండీ వైపు చూపు దించుకున్నాను.

"ఎంత నొప్పెట్టిందో. వాడి చెయ్యి విరిగిపోను!"

"అలా అనకండత్తయ్యా" అన్నాను. "కావాలని చెయ్యలేదు. తెలియక."

"తెలియకేంటమ్మా, చెవి తెగేట్టు లాగుతారా ఎవరన్నా?" అని నన్ను దగ్గరకు లాక్కున్నారు. పిల్లల దెబ్బకు ఊదినట్టు చెవి మీద మెల్లగా ఊదారు. మాత్ర వాసన, పొద్దుటి పాల వాసన. నేను కదల్లేదు. ఆవిడ ఇంకోసారి ఊది, నా ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుని పరకాయించి చూశారు.

"ఇంతకీ ఎవరి పిల్లవమ్మా నువ్వు? ఎక్కడుంటావ్?"

"ఇక్కడేనత్తయ్యా. ఈ ఇంట్లోనే ఉంటాను" అని చెప్పి, తప్పిన గుండీ తీసి సరిగ్గా పెట్టాను.